మంట ముందు, గ్యాసు తర్వాత

ప్రశ్న: నమస్తే అంకుల్. మాది నిజాంపేటలో అద్దె ఇల్లు. పెళ్లయి ఎనిమిది నెలలైంది. మా మూడు బర్నర్ల గ్లాస్ స్టవ్‌ నాబ్ తిప్పగానే దానంతటదే అంటుకునే రకం. రెండు వారాలుగా టక్ టక్ అంటోందే గానీ అంటుకోవడం లేదు. అగ్గిపెట్టె తెచ్చుకున్నాను. మొన్న పొద్దున నాబ్ తిప్పి పుల్ల గీశాను, విరిగిపోయింది. రెండోది మెత్తబడిపోయి ఉంది, వెలగలేదు. మూడోది వెలిగింది, దగ్గరికి పెట్టానో లేదో భగ్గుమని లేచింది. కుడి చేతి మీద వెంట్రుకలన్నీ మాడిపోయాయి. అప్పట్నుంచి స్టవ్ ముందు నిలబడాలంటే గుండె దడదడలాడుతోంది. సూర్యాపేటలో మా అమ్మ ఇన్నేళ్లుగా అగ్గిపుల్లతోనే వెలిగిస్తోంది, ఆమెకు ఎప్పుడూ ఏం కాలేదు. అసలు అగ్గిపుల్లతో వెలిగించడమే ప్రమాదమా, లేక నాకు చేతకాలేదా?

జవాబు: రెండూ కాదు బిడ్డా. జవాబు నీ ఉత్తరంలోనే ఉంది. "నాబ్ తిప్పి పుల్ల గీశాను" అని రాశావు. వరస తిరగబడింది, అంతే. ఈసారి సూర్యాపేట వెళ్లినప్పుడు మీ అమ్మ పక్కన నిలబడి ఆమె చేతుల్నే చూడు. ముందు పుల్ల గీస్తుంది. మంట నిలదొక్కుకున్నాక బర్నర్ దగ్గరికి తీసుకెళ్తుంది. అప్పుడు రెండో చెయ్యి నాబ్ మీదికి పోతుంది. ఆమెకు ఇదెవరూ పాఠంలా చెప్పి ఉండరు, చేతికి అలవాటైపోయింది.

నేను 26 ఏళ్లు ఒక గ్యాస్ ఏజెన్సీలో మెకానిక్‌గా చేశాను. సీతాఫల్‌మండి నుంచి తార్నాక దాకా మొదట్లో సైకిల్ మీద, ఆ తర్వాత స్కూటర్ మీద తిరిగి ఎన్ని వంటిళ్లు చూశానో లెక్క లేదు. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో దీపం పథకం వచ్చింది. అప్పటిదాకా కట్టెల పొయ్యి ఊదుకుంటూ వండిన ఆడవాళ్లకు గ్యాస్ కనెక్షన్లు ఇచ్చారు. స్టవ్ ఎలా వెలిగించాలో చూపించడానికి నన్ను పంపేవారు. అక్కడ నాకు ఒక సంగతి అర్థమైంది. కట్టెల పొయ్యికి ముందు కట్టెలు పేరుస్తాం, ఆ తర్వాత నిప్పు పెడతాం. కుంపటైనా అంతే, ముందు బొగ్గులు. మన చేతులకు తరతరాలుగా అలవాటైన వరస ఇది. కట్టె మన కోసం కదలకుండా కూర్చుంటుంది. గ్యాసు కూర్చోదు, వదిలిన క్షణం నుంచీ ఇంట్లోకి నడుస్తూనే ఉంటుంది. అందుకే దీనికి వరస తలకిందులు కావాలి: మంట ముందు, గ్యాసు తర్వాత. ఆ మాట వాళ్లందరి చేత మూడుమూడుసార్లు పలికించేవాణ్ణి.

మా ఇంట్లో మాత్రం పలికించలేదు. వారాసిగూడలో రెండు గదుల ఇల్లు మాది. ఒక డిసెంబరు తెల్లవారుజామున మా అమ్మ నాకు టీ పెడదామని లేచింది. నాబ్ తిప్పింది, చూస్తే అగ్గిపెట్టె గట్టు మీద లేదు. రాత్రి దీపం పెట్టి దేవుడి గూట్లోనే వదిలేసింది. వెళ్లి, వెతికి, తెచ్చి గీసింది. చలికి కిటికీ మూసి ఉంది. చప్పుడేమీ పెద్దగా కాలేదు, తడి దుప్పటి ఒక్కసారి దులిపినట్టు వినిపించింది. పక్క గదిలో చొక్కా గుండీలు పెట్టుకుంటున్న నేను పరుగున వచ్చేసరికి ఆమె కనుబొమ్మలు లేవు, రెండు చేతుల మీద చర్మం ఎర్రగా ఉబ్బుతోంది. అన్నేళ్లు ఊరందరికీ చెప్పిన మాట నన్ను కన్న మనిషికి చెప్పలేదే అన్న బాధ నాకు ఇప్పటికీ తగ్గలేదు. ఈ శీర్షిక రాయడానికి ఒప్పుకున్నదీ అందుకే.

ఆ కాసేపట్లో ఏమవుతుందో లెక్క వేసి చెబుతాను, భయం పోయి జాగ్రత్త మిగలాలని. పెద్ద బర్నర్ పూర్తిగా తెరిస్తే గంటకు సుమారు 75 లీటర్ల గ్యాసు వస్తుంది. అంటే 10 సెకన్లకు దాదాపు ఒక గ్లాసెడు. గ్లాసెడే కదా అనిపిస్తుంది. కానీ వంటగ్యాసు గాలిలో నూటికి 2 పాళ్లు కలిసినా చాలు, నిప్పు తగిలితే అంటుకుంటుంది. ఇంచుమించు 9 పాళ్ల దాకా ఆ గుణం ఉంటుంది. అంటే ఆ గ్లాసెడు గ్యాసు ఒక బకెట్ నిండా గాలిని మండే గాలిగా మార్చగలదు. నువ్వు మూడు పుల్లలు గీసేసరికి 20 సెకన్లైనా పట్టి ఉంటుంది. నీ చేతి చుట్టూ అలాంటి రెండు బకెట్ల గాలి ఉందనుకో. మూడో పుల్ల దానికి తగిలింది.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. నాబ్ కొంచెం తిప్పితే కొంచెమే గ్యాసు వస్తుందనుకుంటారు. మన ఇళ్లలో ఉండే చాలా స్టవ్‌లలో నొక్కి ఎడమకు తిప్పగానే ముందు వచ్చేది పెద్ద మంట. ఇంకా తిప్పుకుంటూ పోతే చివర్లో సిమ్ వస్తుంది. కాబట్టి నువ్వు పుల్ల కోసం తడుముకున్నంతసేపూ వస్తున్నది పూర్తి గ్యాసే.

ఇక వెలిగించడం. స్టవ్ మీద గిన్నె ఉంటే తీసి పక్కన పెట్టు. గిన్నె కింద గ్యాసు గుమికూడుతుంది, మంట ఒక్కసారిగా పక్కలకు వస్తుంది. జుట్టు ముడేసుకో, చున్నీ అయితే వెనక్కి కట్టుకో, చీర అయితే కొంగు బొడ్లో దోపుకో. నైలాన్, పాలిస్టర్ నైటీల కన్నా నూలు బట్టలు మేలు. అవి కరిగి ఒంటికి అతుక్కోవు. ఫ్యాన్ గాలి పుల్లను ఆర్పేస్తుంది కాబట్టి ముందే ఆపుకో. చేతికి రాసుకున్న శానిటైజర్ పూర్తిగా ఆరాలి, అది స్పిరిటు లాంటిదే, నీలం మంట పగలు కంటికి కూడా సరిగా కనబడదు. తర్వాత ఒకసారి వంగి, బండ పెట్టిన చోట నేల దగ్గర వాసన చూడు. వంటగ్యాసుకు సొంత వాసన లేదు, లీకైతే తెలియాలని ఇథైల్ మెర్‌కాప్టాన్ అనే ఘాటైన పదార్థం కలుపుతారు. గ్యాసు గాలి కన్నా బరువు. గట్టు మీద నుంచి నీళ్లలా కిందికి జారి నేల మీద పరుచుకుంటుంది. నిలబడి చూస్తే ముక్కుకు ఆలస్యంగా తెలుస్తుంది.

వాసన లేదని తేలాక రెగ్యులేటర్ ఆన్ చెయ్యి. పొడి పుల్ల తీసుకుని, నీ ఒంటి నుంచి అవతలికి గియ్యి. మందు తునక ఎగిరినా నీ మీద పడదు. మంట నిలిచాక పుల్లను బర్నర్ పక్క నుంచి రంధ్రాల అంచుకు చేర్చు. పైనుంచి కాదు, పక్క నుంచి. ముఖం, ఛాతీ స్టవ్ మీదికి వాలకూడదు. అప్పుడు ఎడమ చేత్తో నాబ్ నొక్కి తిప్పు. గ్యాసు వస్తూనే అంటుకుంటుంది, "ఫుస్" అని చిన్న చప్పుడే ఉంటుంది. చెయ్యి వెనక్కి తీసుకుని, కాలిన పుల్లను నీళ్ల గిన్నెలో వెయ్యి. చెత్తబుట్టలో వెయ్యొద్దు.

అంటుకోకుండా పుల్ల ఆరిపోతే, ఇంకో పుల్ల తీయడానికి ముందు నాబ్ కట్టెయ్యాలి. చేతులు ఇక్కడే తొందరపడతాయి. కట్టేసి, వాసన పూర్తిగా పోయేదాకా, తక్కువలో తక్కువ ఒక నిమిషం ఆగు. నాబ్ ఎక్కువసేపు తెరిచి ఉండిపోతే ఐదు నిమిషాలు ఆగు, నేల దాకా తెరుచుకునే తలుపు తీసిపెట్టు. గట్టు మీది కిటికీ ఒక్కటే తీస్తే చాలదు, నేల మీది గ్యాసు కిటికీ ఎక్కి పోదు.

నీ స్టవ్ సంగతికి వస్తాను. టక్ టక్ వినబడుతోందంటే మొత్తం పాడవలేదు. బర్నర్ పక్కన తెల్లటి పింగాణీ పుల్ల ఒకటి నిలబడి ఉంటుంది, దాని కొన నుంచే నిప్పురవ్వ దూకుతుంది. పాలు పొంగి దాని మీద ఎండినా, కడిగిన తడి మిగిలినా రవ్వ పక్కదారి పడుతుంది. రెగ్యులేటర్ కట్టేసి, స్టవ్ చల్లారాక పొడి గుడ్డతో తుడువు. బర్నర్ మూత దాని గాడిలో సరిగ్గా కూర్చుందో లేదో చూడు. ఈ రకం స్టవ్‌లు కొన్నింటికి అడుగున సెల్ ఉంటుంది, అదైపోయి ఉండొచ్చు. ఇవేవీ కాకపోతే మెకానిక్‌ను పిలవండి. కొత్త స్టవ్ కొనాల్సిన పని లేదు.


ప్రశ్న: బాబూ, నాకు 71 ఏళ్లు. పద్మారావునగర్‌లో ఒక్కదాన్నే ఉంటాను, పిల్లలు బయట దేశంలో. రెండేళ్లుగా చేతులు వణుకుతున్నాయి. అగ్గిపుల్ల పట్టుకోలేను. టక్కుమని నొక్కే స్టీలు లైటర్ ఉంది గానీ ఒక్కోసారి పదిసార్లు నొక్కితే గానీ వెలగదు, ఈలోగా గ్యాసు వాసన వస్తుంది. ఏం చెయ్యమంటావు?

జవాబు: అమ్మా, ముందు ఆ లైటర్ సంగతి చూద్దాం. దానిలో బ్యాటరీ ఉండదు, గ్యాసూ ఉండదు. మీరు నొక్కినప్పుడు లోపల స్ప్రింగ్ బిగుసుకుని ఒక చిన్న సుత్తి వదులుతుంది. ఆ సుత్తి ఒక గట్టి పింగాణీ లాంటి ముక్కను కొడుతుంది. కొన్ని పదార్థాలను అలా నొక్కితే వాటిలో కరెంటు పుడుతుందని 1880లో ఫ్రాన్స్‌లో క్యూరీ సోదరులు కనిపెట్టారు. మీ లైటర్‌లో ప్రతి దెబ్బకూ కొన్ని వేల వోల్టులు పుట్టి, కొనలో నడిమి పుల్ల నుంచి చుట్టూ ఉన్న గొట్టానికి దూకుతాయి. క్షణంలో వెయ్యో వంతు కూడా ఉండని రవ్వ. ఆ క్షణానికి గ్యాసు ఆ గొట్టం కొనలోకి చేరి ఉండాలి, లేకపోతే ఎన్నిసార్లు నొక్కినా వృథా.

చాలామంది లైటర్‌ను బర్నర్ నడినెత్తి మీద ఆనించి నొక్కుతారు. అక్కడ గ్యాసు రాదు. రంధ్రాలు పక్కన ఉంటాయి, కొనను అక్కడికి చేర్చి, ఒక గోరంత ఎడం ఉంచి నొక్కండి. రాత్రి లైటు ఆపేసి, స్టవ్‌కు దూరంగా ఒకసారి నొక్కి చూడండి. నీలం రవ్వ ప్రతి దెబ్బకూ కనిపిస్తే లైటర్ బాగున్నట్టే. రెండింట ఒకసారే కనిపిస్తే దాన్ని మార్చేయండి, అరిగిపోయిన లైటర్ మీద పొదుపు వద్దు. నూనె, తడి అంటితే పొడి గుడ్డతో తుడవండి, కుళాయి కింద మాత్రం కడగొద్దు. ఈ లైటర్‌తో మంట ముందు ఉండదు కాబట్టి కొనను రంధ్రాల దగ్గర పెట్టి, నొక్కడం మొదలుపెట్టాకే నాబ్ తిప్పాలి. మూడు దెబ్బలకు అంటుకోకపోతే నాబ్ కట్టెయ్యాలి. పది దెబ్బల దాకా ఎప్పుడూ పోవద్దమ్మా.

అయితే మీ వణుకుకు ఈ లైటర్ కన్నా పొడవు మెడ ఉండి కొనలో మంట వచ్చే లైటర్ నయం. బేగంబజార్‌లో, మోండా మార్కెట్ చుట్టుపక్కల స్టీలు సామాన్ల దుకాణాల్లో అడగండి. దాన్ని ముందు స్టవ్‌కు ఇవతలే వెలిగించుకోండి. మంట కనబడ్డాక, తొందర లేకుండా బర్నర్ దగ్గరికి తీసుకెళ్లండి. చెయ్యి వణికినా ఫర్వాలేదు, మంట అక్కడే ఉంది, గ్యాసే ఇంకా రాలేదు. మోచెయ్యి గట్టు మీద ఆనించుకుంటే వణుకు సగం తగ్గుతుంది. పనయ్యాక ఆ లైటర్‌ను స్టవ్ పక్కన వదలకండి, దానిలో గ్యాసు ఉంటుంది, వేడికి పగలగలదు. అవతలి గోడకు మేకు కొట్టించి తగిలించండి.

ఇంకొక మాట చెబితే నొచ్చుకోకండి. వయసు మీద పడితే వాసన పట్టే శక్తి తగ్గుతుంది, మనకు తెలియకుండానే. పొద్దున్నే పనిమనిషి వచ్చాక స్టవ్ వెలిగించే అలవాటు చేసుకోండి. టీకి, పాలకి ఒక ఇండక్షన్ పొయ్యి కొనిపెట్టమని పిల్లలతో చెప్పండి. రాత్రి పడుకునే ముందు రెగ్యులేటర్ కట్టి, కట్టానని పైకి అనండి. పైకి అన్న పని మరునాడు గుర్తుంటుంది. మా అమ్మ చివరి రోజుల దాకా అలాగే అనేది.


ప్రశ్న: సార్, మియాపూర్‌లో కొత్త అపార్ట్‌మెంట్‌లోకి మారాం. పైపు గ్యాసు, గట్టులో బిగించిన నాలుగు బర్నర్ల స్టవ్. కరెంటు పోతే వెలగడం లేదు. అగ్గిపుల్లతో వెలిగిస్తే వెలుగుతోంది, నాబ్ వదలగానే ఆరిపోతోంది. గ్యాసు ప్రెషర్ తక్కువేమో అని అనుమానం. అగ్గిపుల్లతో వెలిగించొచ్చా?

జవాబు: వెలిగించొచ్చండీ. ప్రెషర్‌కు దీనికి సంబంధం లేదు. మీ బర్నర్ పక్కన రెండు పుల్లలుంటాయి చూడండి. ఒకటి నిప్పురవ్వది, దానికి కరెంటు కావాలి. రెండోది మంట ఉందో లేదో కనిపెట్టే కాపలాదారు. మంట తగిలి దాని కొన వేడెక్కితే రవ్వంత కరెంటు దానిలోనే పుడుతుంది. ఆ కాస్త కరెంటే లోపలి అయస్కాంతాన్ని పట్టి గ్యాసు దారి తెరిచి ఉంచుతుంది. పాలు పొంగి మంట ఆరిపోతే అది చల్లబడి గ్యాసు తానే ఆగిపోతుంది. మీరు పుల్లతో వెలిగించి నాబ్ వెంటనే వదిలేస్తున్నారు, అది వేడెక్కేలోపే. మంట వచ్చాక కూడా ఐదు నుంచి పది సెకన్లు నాబ్ నొక్కే ఉంచండి. అప్పుడు కూడా ఆరిపోతుంటే ఆ కొన మీద మసి పట్టి ఉంటుంది, తుడవాలి, లేదా మార్పించాలి. ఆ కాపలా పుల్ల అడ్డంగా ఉందని తీసేయించుకున్నవాళ్లను చూశాను. దయచేసి ఆ పని చెయ్యకండి.

స్టవ్‌తో పాటు ఒవెన్ ఉంటే దాన్ని మాత్రం చేత్తో వెలిగించకండి. అది మూసిన పెట్టె, గ్యాసు పోవడానికి దారి ఉండదు.

పైపు గ్యాసు, బండ గ్యాసు ఒకటి కావు. బండలో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్. హైదరాబాద్‌లో భాగ్యనగర్ గ్యాస్ వాళ్లు పైపులో ఇచ్చేది సహజవాయువు, అందులో ఎక్కువ భాగం మీథేన్. ఇది గాలి కన్నా తేలిక, పైకి పోయి కప్పు కింద చేరుతుంది. కాబట్టి మీరు నేల దగ్గర వంగి వాసన చూస్తే లాభం లేదు, పైనున్న కిటికీలు తెరవాలి. గాలిలో నూటికి 5 నుంచి 15 పాళ్లు ఉంటే మండుతుంది. పాత ఇంట్లోని బండ స్టవ్‌ను తెచ్చి ఈ పైపుకు తగిలించకండి. రెండింటికీ జెట్ రంధ్రాల కొలత వేరు, వాళ్ల మనిషి వచ్చి మార్చాలి. పైపు మీద గోడ దగ్గర ఒక మీట ఉంటుంది, అది ఎటు తిప్పితే కట్టినట్టో ఇంట్లో ప్రతి ఒక్కరికీ ఇవాళే చూపించండి.


ప్రశ్న: అన్నా, అమీర్‌పేటలో ఐదుగురం రూమ్‌లో ఉంటూ కోచింగ్ తీసుకుంటున్నాం. చిన్న బండ, దాని మీదే బిగించే బర్నర్. లైటర్ లేనప్పుడు మా ఫ్రెండ్ అగరుబత్తితో వెలిగిస్తాడు. లీక్ ఉందేమోనని అనుమానం వస్తే అగ్గిపుల్ల గీసి పైపు చుట్టూ తిప్పి చూస్తాడు. కరెక్టేనా?

జవాబు: రెండూ తప్పే తమ్ముడూ. అగరుబత్తికి ఉన్నది నిప్పు కణిక, మంట కాదు. దానికి గ్యాసు అంటుకుంటుందన్న నమ్మకం లేదు. మీవాడు ఊదుతూ రాజేస్తూ ఉంటాడు, ఈలోగా గది నిండుతుంది. చివరికి పక్కవాడు ఫోన్ చార్జర్ స్విచ్ వేస్తాడు.

లీక్ చూడటానికి అగ్గి వాడటమంటే, లీక్ ఉంటే మీరంతా కాలిపోవాలని కోరుకున్నట్టే. సబ్బు నీళ్లు చిక్కగా కలిపి, గుడ్డతో రెగ్యులేటర్ చుట్టూ, ట్యూబు రెండు చివర్లా పూయండి. బుడగలు లేస్తే లీక్. అప్పుడు రెగ్యులేటర్ కట్టెయ్యాలి, తలుపులు తీయాలి, దీపాలు, అగరుబత్తులు ఆర్పాలి. స్విచ్ వెయ్యొద్దు, వేసి ఉన్నదాన్ని ఆపనూ ఆపొద్దు, రెండింటిలోనూ రవ్వ పుడుతుంది. బయటికొచ్చి 1906కు ఫోన్ చెయ్యండి. వంటగ్యాస్ లీక్‌ల కోసమే ఉన్న నంబరది, రాత్రీ పగలూ పలుకుతుంది.

వీధి చివర దుకాణంలో పెద్ద బండ నుంచి చిన్న బండలోకి నింపించుకుంటున్నారా? మీరు రాయలేదు గానీ అడుగుతున్నాను, ఎందుకంటే ఆ చుట్టుపక్కల చాలా రూముల్లో అదే చూశాను. అలా నింపినప్పుడు ఎంత నిండిందో తూచేవాడుండడు. ద్రవంగా ఉన్న గ్యాసు ఒక లీటరు బయటికొస్తే దాదాపు 250 లీటర్లవుతుంది. వేడికి ఉబ్బడానికి లోపల ఖాళీ మిగలాలి. అంచు దాకా నింపిన బండ మే నెల ఎండలో రేకుల గదిలో ఉంటే ఏమవుతుందో ఆలోచించండి. 5 కిలోల బండలు ఏజెన్సీల్లోనే అధికారికంగా దొరుకుతాయి, అక్కడే తీసుకోండి. అయిపోవస్తోందని బండను పడుకోబెట్టి వాడటం కూడా మానండి, గ్యాసు బదులు ద్రవమే బర్నర్‌లోకి వస్తుంది.


ప్రశ్న: స్టవ్ వెలిగిస్తుంటే వేళ్లు కాలితే మా అత్తగారు టూత్‌పేస్ట్ రాస్తారు, మా ఆయన ఐసు పెట్టమంటాడు. ఏది మంచిది? – ఒక పాఠకురాలు, ఉప్పల్.

జవాబు: రెండూ వద్దమ్మా. పసుపు, ఇంకు, నెయ్యి కూడా వద్దు. చల్లటి నీళ్లు ధారగా 20 నిమిషాలు పోయడమే మందు. నిమిషం పెట్టి "తగ్గింది" అని తీసేస్తారు, పైన చల్లబడినా లోపల చర్మం ఇంకా కాలుతూనే ఉంటుంది. గడియారం చూసుకుని 20 నిమిషాలు పొయ్యండి. ఎండాకాలం మధ్యాహ్నం మన ఊళ్లో మిద్దె మీది ట్యాంకు నీళ్లు చెయ్యి పెట్టలేనంత వేడిగా వస్తాయి, అవి పనికిరావు. కుండలో నీళ్లో, తాగే నీళ్ల క్యానో, నీడలో ఉన్న బకెట్టో వాడండి.

బట్ట అతుక్కుంటే పీకొద్దు, బొబ్బలు చిదమొద్దు. శుభ్రమైన నూలు గుడ్డ వదులుగా కప్పండి. ముఖం, అరచేయి, కీళ్ల దగ్గర కాలినా, కాలిన చోటు మన అరచేయంత ఉన్నా ఇంట్లో ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి, 108కి ఫోన్ చెయ్యండి. బట్టలంటుకుంటే మాత్రం పరుగెత్తొద్దు, పరుగెత్తితే మంటకు గాలి అందుతుంది. నేల మీద పడి దొర్లాలి, పక్కవాళ్లు మందపాటి నూలు దుప్పటి చుట్టాలి.

నీళ్లు పోస్తూనే ఇంకొక పని చెయ్యాలి. కాలిన చెయ్యి పావుగంటలో వాచిపోతుంది, కాబట్టి ఉంగరాలు, గాజులు ముందే తీసెయ్యాలి. ఆ పొద్దున నాకది తోచలేదు. ఆసుపత్రికి చేరేసరికి మా అమ్మ మణికట్లు ఉబ్బి గాజులు కదల్లేదు. నర్సమ్మ గుడ్డ అడ్డం పెట్టి ఒక్కొక్కటే పగలగొట్టింది. సంక్రాంతికి చార్మినార్ దగ్గర లాడ్ బజార్‌లో కొనిపెట్టుకున్న గాజులవి. కాలినందుకు ఏడవని మనిషి ఆ గాజుల కోసం ఏడ్చింది.